స్పోర్ట్స్ కారా, సూపర్ కారా? బెజవాడ, గుంటూరు కొనుగోలుదారుల కోసం

తలుపులు పైకి లేచే ప్రతి కారూ సూపర్ కారు కాదు. మూడు సెకన్లకు అటూ ఇటూగా వంద అందుకునే ప్రతి కారూ కాదు. ఈ రెండూ చేసే కారు ఇప్పుడు 75 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకే వస్తోంది. 2025 జూలైలో మన మార్కెట్లోకి వచ్చిన ఎంజీ సైబర్‌స్టర్ సంగతి చూడండి. రెండు ఎలక్ట్రిక్ మోటార్లు, 510 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు 3.2 సెకన్లు, కత్తెర తలుపులు. అది బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిందంటే చుట్టూ ఉన్న బైకుల మీద కుర్రాళ్లంతా ఫోన్లు బయటికి తీసి "సూపర్ కారు మావా" అంటారు. చూడ్డానికి బాగుంటుంది, సరదా బండి, కాదనను. సూపర్ కారు మాత్రం కాదు. ఆ తేడా ఎక్కడుందో పట్టుకోగలిగితే 75 లక్షలు పెట్టేవాళ్లకూ మేలే, 6 కోట్లు పెట్టేవాళ్లకు మరీ మేలు.

చట్టంలో దీనికి నిర్వచనం లేదు. ఆర్‌టీఓ ఆఫీసు లెక్కలో ఆల్టో, లంబోర్గిని రెండూ మోటార్ కార్లే. కంపెనీల బ్రోషర్లను నమ్ముకుంటే అన్నీ సూపరే. కాబట్టి కొలబద్ద మనమే తయారు చేసుకోవాలి.

హార్స్‌పవర్ లెక్కపెడితే తేలదు

1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40కి 478 హార్స్‌పవర్, గరిష్ఠ వేగం గంటకు 324 కిలోమీటర్లు. ఇవాళ బీఎండబ్ల్యూ ఎం2 కొనుక్కుంటే 480 హార్స్‌పవర్ వస్తుంది. దానికి వెనక సీటుంది, డిక్కీలో రెండు సూట్‌కేసులు పడతాయి, ధర కోటి పైచిలుకు. కాగితం మీద ఎం2దే పైచేయి. అయినా రెండిటినీ పక్కపక్కన పెడితే ఏది సూపర్ కారో పదేళ్ల పిల్లాడు కూడా చెప్పేస్తాడు.

ఎఫ్40లో కార్పెట్లు లేవు, రేడియో లేదు, తలుపు లోపలివైపు హ్యాండిల్ బదులు లాగడానికి ఒక తీగ ఉంటుంది. ఆయిలూ పెట్రోలూ పోయకముందు దాని బరువు 1,100 కిలోలు. ఎం2 బరువు 1,700 కిలోలు దాటుతుంది. మన వైపు బండలాగుడు పోటీలకు పెంచే ఒంగోలు గిత్తల్ని ఎవరూ అరకకు కట్టరు. వాటి మేత వేరు, నడిపించే తీరు వేరు, వాటిని పెంచేది ఆ ఒక్క పని కోసమే. సూపర్ కారు పుట్టుకా అలాంటిదే. నేను మొదట అడిగేది దాని వేగం ఎంతని కాదు, ఆ వేగం కోసం తయారుచేసినవాళ్లు ఏమేం వదులుకున్నారని.

వేగం ఒక్కటే కొలతైతే ఆ పోటీని ఎలక్ట్రిక్ కార్లు ఎప్పుడో ముగించేశాయి. టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్‌కి 1,020 హార్స్‌పవర్ ఉంది. వెనక సీట్లో అమ్మమ్మని కూర్చోబెట్టుకుని గుడికి వెళ్లిరావచ్చు. అది భలే వేగమైన సెడాన్, అంతే. సైబర్‌స్టర్ దగ్గరికొస్తే బరువు దాదాపు 2 టన్నులు, గరిష్ఠ వేగం 200 దగ్గర ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర బాణంలా దూసుకెళ్తుంది. వరసగా ఇరవై మలుపులు గట్టిగా తిప్పితే ఆ రెండు టన్నులూ టైర్ల మీదా బ్రేకుల మీదా పడతాయి.

అడుగున ఏముందో చూడాలి

1966లో జెనీవా మోటార్ షోలో లంబోర్గిని మియురా కనిపించింది. 3.9 లీటర్ల వి12 ఇంజన్‌ని డ్రైవర్ వెనక, వెనక చక్రాలకు ముందు, అడ్డంగా పెట్టారు. 350 హార్స్‌పవర్. రేసుల్లో ఆ పద్ధతి అప్పటికే గెలిచింది: 1959లో ఇంజన్ వెనక ఉన్న కూపర్ కారు ఫార్ములా వన్ ఛాంపియన్‌షిప్ కొట్టింది. ఆ ఏర్పాటుని నంబర్ ప్లేటున్న కారులోకి, అదీ పన్నెండు సిలిండర్లతో తెచ్చి, పైన మార్చెల్లో గాందీనీ గీసిన ఒళ్లు తొడిగింది మియురా. మొదటి సూపర్ కారు ఏదంటే ఎక్కువమంది దాని పేరే చెబుతారు.

ఇంజన్ నడుమ ఉంటే ఏమిటి లాభం? బరువంతా రెండు ఇరుసుల మధ్య పోగవుతుంది కనక కారు తిరగడానికి తక్కువ బద్ధకిస్తుంది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బరువు వెనక చక్రాల మీదకి జారుతుంది, తోసేవి అవే కాబట్టి పట్టు దొరుకుతుంది. నష్టాలూ ఉన్నాయి. వెనక సీటుకి చోటుండదు, వెనకేముందో సరిగ్గా కనిపించదు, వీపు వెనకే పొయ్యి ఉన్నట్టు వేడి. మే నెలలో బెజవాడలో ఆ వేడి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అలాగని నడుమ ఇంజన్ ఉన్నదల్లా సూపర్ కారు కాదు. టొయోటా ఎంఆర్2 1984లో 1.6 లీటర్ల ఇంజన్‌తో అదే ఏర్పాటులో వచ్చింది. పోర్షే బాక్‌స్టర్, కేమన్ కూడా అంతే. అవి శుద్ధమైన స్పోర్ట్స్ కార్లు, ఆ మాటకొస్తే స్పోర్ట్స్ కార్లలో నాకు అన్నిటికంటే నచ్చినవి. ఇటువైపు ఫెరారీ 12సిలిండ్రికి ఇంజన్ ముందే ఉంది, 830 హార్స్‌పవర్. దాన్ని సూపర్ కారు కాదంటే ఎవరూ ఒప్పుకోరు. ఇంజన్ చోటు గట్టి ఆనవాలే గానీ రుజువు కాదు.

కార్బన్ ఫైబర్ సంగతీ ఇంతే. కార్బన్ తొట్టి, అంటే కార్బన్ ఫైబర్‌తో తొట్టిలా చేసిన చట్రం, మీద కట్టిన మొదటి రోడ్డు కారు 1992 నాటి మెక్‌లారెన్ ఎఫ్1. బీఎండబ్ల్యూ వి12 ఇంజన్‌తో అది 1998లో గంటకు 386 కిలోమీటర్లు తాకింది. ఇవాళ్టి మెక్‌లారెన్ ఆర్ట్యురా, లంబోర్గిని రెవుయెల్టో అదే దారిలో ఉన్నాయి. ఫెరారీ 296 జీటీబీ, లంబోర్గిని టెమెరారియో మాత్రం అల్యూమినియం చట్రం మీద నిలబడ్డాయి. వాటినేం తక్కువ చేయలేం.

డబ్బు ఎక్కడికి పోతుందో చెప్పేవి ఫోటోల్లో కనపడని భాగాలు. మామూలు కారులో ఇంజన్ ఆయిల్ అడుగున చట్టిలో ఉంటుంది. పొడవాటి మలుపులో గట్టిగా తిప్పితే ఆ ఆయిల్ ఒక పక్కకి ఒరిగిపోయి పంపు గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి. సూపర్ కార్లలో ఆయిల్‌కి విడిగా ట్యాంకు పెట్టి పంపులతో లాగుతారు. దీన్ని డ్రై సంప్ అంటారు. అడుగు చట్టి అవసరం తప్పుతుంది కాబట్టి ఇంజన్‌ని ఇంకా కిందికి దించొచ్చు, బరువు నేలకి దగ్గరవుతుంది. కార్బన్ సిరామిక్ బ్రేకులూ అలాంటివే. 250 నుంచి పదే పదే ఆపినా అవి వేడికి లొంగవు, పైగా చక్రం దగ్గర బరువు తగ్గుతుంది. అడుగు భాగమంతా నున్నగా చేసి గాలిని కింద నుంచి లాగి కారుని రోడ్డుకి అదిమిపట్టే పని మరొకటి. షోరూములో సీట్ల తోలు చూసే బదులు ఈ మూడింటి గురించి అడగండి, అమ్మే అబ్బాయికి బండి ఎంత తెలుసో కూడా తేలిపోతుంది.

ఇవాళ్టి కార్లకి నేను వాడే ఒక మోటు లెక్క ఉంది. హార్స్‌పవర్‌ని బరువుతో భాగించి, టన్నుకి 400 దాటిందా అని చూస్తాను. బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐకి సుమారు 220. పోర్షే 911 కరెరాకి 260. నిస్సాన్ జీటీ-ఆర్‌కి 325. టెమెరారియోకి 540 పైనే. ఈ గీత నా సొంతం, ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. కానీ గొడవలన్నీ ఎక్కడ మొదలవుతాయో అది చక్కగా చూపిస్తుంది.

గీత మీద నిలబడినవి

పోర్షే 911 టర్బో ఎస్ సరిగ్గా ఆ గీత మీదే ఉంటుంది. 650 హార్స్‌పవర్ రకం వందకి 2.7 సెకన్లలో చేరుతుంది, 330 దాకా వెళ్తుంది. చాలా సూపర్ కార్లను ఓడిస్తుంది. నా తీర్పు మాత్రం సూపర్ కారు కాదనే. అది ఒక స్పోర్ట్స్ కారుని చేయగలిగినంత దూరం తీసుకెళ్లిన ఫలితం. 1963లో మొదలైన ఆ ఆకారం, వెనక రెండు బుల్లి సీట్లు, ఏ రోజుకారోజు నడుపుకునే వీలు అలాగే ఉంచారు. పోర్షే నిజంగా సూపర్ కారు చేయాలనుకున్నప్పుడు కరెరా జీటీ చేసింది: కార్బన్ తొట్టి, నడుమ వి10, 612 హార్స్‌పవర్. ఒకే కంపెనీ చేసిన ఈ రెండిటినీ చూస్తే తేడా దానంతటదే తెలుస్తుంది. "టర్బో ఎస్ సూపర్ కారు కాదు" అనడం దాన్ని కించపరచడం కాదని పోర్షే అభిమానులు గమనించాలి. డబ్బులు నావైతే నేను తీసుకునేది అదే.

జీటీ-ఆర్‌ని మన దేశంలో 2016 డిసెంబరు నుంచి దాదాపు 2 కోట్లకి అమ్మారు, 2025 ఆగస్టులో దాని తయారీ ఆగిపోయింది. నాలుగు సీట్లు, డిక్కీ, 1,750 కిలోలు. సూపర్ కార్లని వేటాడిన కారు అది, ఆ గుంపులోది కాదు.

ఆడి ఆర్8 దగ్గర నా లెక్క తడబడుతుంది. లంబోర్గిని హురకాన్‌లో ఉన్న 5.2 లీటర్ల వి10 ఇంజనే దానిలోనూ ఉంది, నడుమే ఉంది, చట్రమూ చుట్టరికమే. అయినా ఆడి గ్రిల్ చూసి జనం ఒక మెట్టు దించేశారు. ఆర్8 సూపర్ కారే, సందేహం అక్కర్లేదు. 1990 నాటి హోండా ఎన్ఎస్ఎక్స్‌కి 270 హార్స్‌పవరే, నా గీతకి సగం కూడా రాదు. ఒళ్లంతా అల్యూమినియంతో చేసి, సూపర్ కారంటే వారానికోసారి గ్యారేజీలో పడుండాలనే నియమాన్ని చెరిపేసింది. దాని ప్రభావం మెక్‌లారెన్ ఎఫ్1 దాకా పాకింది. అంకెలు లేకపోయినా నేను లోపలికి రానిస్తాను.

ఇంకొక మాట, మన దగ్గర "లంబోర్గిని కొన్నాడంట" అని విన్నప్పుడు చాలాసార్లు అది ఉరుస్. అది ఎస్‌యూవీ. 800 హార్స్‌పవర్ ఉన్నా ఎస్‌యూవీయే. 1,000 హార్స్‌పవర్ దాటినవాటిని హైపర్ కారంటున్నారు. 2005 నాటి బుగాటి వేరాన్ 1,001తో ఆ తలుపు తీసింది. ఇప్పుడు రెవుయెల్టోకే 1,015 ఉంది కనక ఆ గీత కూడా చెరిగిపోతోంది, దానితో మనకి పని లేదు.

బెజవాడ నుంచి గుంటూరు దాకా

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎక్కడ నడుపుతారు? కనకదుర్గ వారధి దాటి, మంగళగిరి మీదుగా, కాజ టోల్‌గేటు దాటి గుంటూరు చేరితే సుమారు 35 కిలోమీటర్లు. ఆరు వరసల రోడ్డు, చూడటానికి తివాచీలా ఉంటుంది. చట్టం ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరసల, అంతకంటే పెద్ద రోడ్ల మీద కార్లకు గరిష్ఠంగా 100, బోర్డు అంతకంటే తక్కువ చెబితే అదే లెక్క. సూపర్ కార్లు రెండో గేర్‌లోనే 100 దాటేస్తాయి. మిగతా గేర్లు అలంకారం. ఆ పైన సర్వీసు రోడ్డు నుంచి ఎదురుగా వచ్చే బైకు, డివైడర్ సందులోంచి దూరే గేదె, మిర్చి యార్డుకి టిక్కీలతో వెళ్లే లారీ. 900 హార్స్‌పవర్‌కి ఇక్కడ పనేమీ లేదు. 300 హార్స్‌పవర్ కారు మూడో గేర్‌లో గొంతెత్తి పాడితే మాత్రం సరదా తీరుతుంది. తక్కువ శక్తిని పూర్తిగా వాడుకోవడంలో ఉన్న ఆనందం, ఎక్కువ శక్తిని కట్టేసి ఉంచడంలో లేదు.

స్పీడ్ బ్రేకర్ల గురించి వేరే చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో వేసినవాటికి ఏ కొలతా వర్తించదు. సూపర్ కారు నేలకి పది పన్నెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీట నొక్కితే ముక్కుని నాలుగు సెంటీమీటర్లు లేపే ఏర్పాటు చాలా కార్లకి అదనపు ఖర్చు మీద వస్తుంది. మన ఊళ్లో ఇది ఐచ్ఛికం అనుకోవద్దు, అది లేని బండి బేరానికొస్తే వదిలేయండి. ఈ బాధ కంపెనీలకీ తెలిసే లంబోర్గిని హురకాన్ స్టెరాటో అని నేల నుంచి 17 సెంటీమీటర్ల ఎత్తులో ఒకటి చేసింది. మొత్తం 1,499 మాత్రమే. బ్రాడీపేట అడ్డవీధుల్లో తిరగదగ్గ సూపర్ కారు ఏదైనా ఉంటే అదే అనిపిస్తుంది నాకు.

నీళ్ల సంగతి మర్చిపోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు కార్లు పైకప్పు దాకా మునిగాయి. సెల్లార్ పార్కింగ్‌లో ఉన్నవాటి గతి తెలిసిందే. నడుమ ఇంజన్ ఉన్న కారుకి గాలి పీల్చే దారులు పక్కల్లో, కిందుగా ఉంటాయి. మామూలు బీమా ఇంజన్‌లోకి నీళ్లు వెళ్తే కలిగే నష్టాన్ని భరించదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. బండి పూర్తిగా పోతే కొన్న బిల్లు మొత్తం ఇచ్చే రిటర్న్ టు ఇన్వాయిస్ కవరు కూడా. ఇల్లు పల్లంలో ఉంటే ముందు పార్కింగ్ సంగతి తేల్చుకుని తర్వాత రంగు ఎంచుకోండి.

రిపేరు మాటకొస్తే ఆటోనగర్‌లో లారీని నట్టూ బోల్టూ విప్పి మళ్లీ బిగించగలవాళ్లున్నారు. కానీ కార్బన్ తొట్టి పగిలితే సమ్మెటా వెల్డింగూ పనిచేయవు. లంబోర్గిని షోరూములు ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లో ఉన్నాయి. పెద్ద పని పడితే మీ బండి ఫ్లాట్‌బెడ్ ఎక్కి బయల్దేరాల్సిందే. జర్మన్ కంపెనీల స్పోర్ట్స్ కార్లకి ఈ బాధ చాలా తక్కువ.

సంచిలో ఎంతుందో దాన్నిబట్టి

ముందు పన్నుల లెక్క. 40,000 డాలర్లు దాటిన కారు పూర్తిగా తయారై దిగుమతైతే 2025 బడ్జెట్ ప్రకారం ప్రాథమిక సుంకం 70 శాతం, దానిపై వ్యవసాయ సెస్సు 40 శాతం, కలిపి 110. ఆ పైన పెద్ద పెట్రోల్ కార్లకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్‌కి 5 శాతమే. సైబర్‌స్టర్ అంత చవకగా కనిపించడానికి ఇదొక కారణం. బ్రిటన్‌తో 2025 జూలైలో సంతకమైన ఒప్పందంలో కోటా మేరకు కార్ల సుంకం 10 శాతానికి దిగే ఏర్పాటుంది. మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్ మీద కన్నున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఆ లెక్క డీలర్‌తో కాగితం మీద రాయించుకోండి. లైఫ్ ట్యాక్స్, బీమా ఎక్స్‌షోరూమ్ ధరలో ఉండవని గుర్తుంచుకోండి. పుదుచ్చేరి నంబరుతో ఇక్కడ తిప్పుకుందామనే ఆలోచన వద్దు. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే ఇక్కడ రిజిస్టర్ చేయించాల్సిందే.

కోటి లోపైతే ఊళ్లో చూపులు తిప్పడం ముఖ్యమా, నడపడం ముఖ్యమా అని మిమ్మల్ని మీరే అడగండి. మొదటిదైతే సైబర్‌స్టర్‌ని మించింది లేదు. రెండోదైతే జెడ్4 ఎం40ఐ: ఆరు సిలిండర్లు, 340 హార్స్‌పవర్, వెనక చక్రాలు తోసే పద్ధతి. శీతాకాలం తెల్లవారుజామున పైకప్పు తీసి ప్రకాశం బ్యారేజీ దాటడానికి దానికంటే మంచి సాధనం ఈ ధరలో లేదు.

కోటి, కోటిన్నర మధ్య ఎం2. పిల్లలున్న ఇంట్లో ఒక్కటే సరదా కారు ఉండాలంటే ఇదే. చేతి గేర్లతో కూడా ఇస్తున్నారు, అలాగే తీసుకోండి. ట్రాఫిక్‌లో ఎడమ కాలు నొప్పి పుడుతుంది గానీ ఈ బండి అసలు రుచి ఆ గేర్లలోనే ఉంది.

2 కోట్ల పైన పెట్టగలిగితే 911. ఇంకో ఆలోచన దేనికి? మామూలు కరెరాతో ఆగినా సరిపోతుంది, 394 హార్స్‌పవర్ మన రోడ్లకి మోయలేనంత. మిగిలిన డబ్బుతో ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లండి. 3.7 కిలోమీటర్ల ఆ చుట్టులో కారు గురించి తెలిసినంత, హైవే మీద పదేళ్లు తిరిగినా తెలియదు.

5 కోట్లు దాటితేనే సూపర్ కారు మాట ఎత్తాలి. 296 జీటీబీ, ఆర్ట్యురా, టెమెరారియో ఈ వరసలో ఉన్నాయి. టెమెరారియో 2025 ఏప్రిల్‌లో 6 కోట్ల ఎక్స్‌షోరూమ్ ధరకి దిగింది. దాని వి8 ఇంజన్ 10,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. మూడూ హైబ్రిడ్లే కాబట్టి తెల్లవారుజామున వీధిలో వాళ్లని లేపకుండా కరెంటు మీద బయటికి రావచ్చు. నన్నడిగితే ఆర్ట్యురా. తేలిక బరువు కోసం మిగతా సుఖాలను ఎక్కువగా వదులుకున్నది అదే. కానీ ఇంట్లో ఇది రెండోదో మూడోదో కారైతేనే, నెలకి రెండు ఆదివారాలు దానికోసం ఖాళీ ఉంటేనే. బండి నడపకుండా నిలబెడితే బ్యాటరీ, టైర్లు, సీళ్లు పాడవుతాయి.

సెకండ్ హ్యాండ్‌లో ఆర్8, హురకాన్ లాంటివి బేరానికొస్తాయి, అక్కడే అసలైన లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ఓడోమీటర్ తక్కువ చూపిందని మురిసిపోవద్దు. కార్బన్ సిరామిక్ డిస్కులు ఎంత అరిగాయో కంపెనీ సర్వీసు సెంటరులో కొలిపించి రాయించుకోండి, నాలుగూ మార్చాలంటే ఒక మంచి హ్యాచ్‌బ్యాక్ ధర అవుతుంది. అడుగు పలకలు విప్పించి లోపల గీతలు, అతుకులు ఉన్నాయేమో చూడండి. టైర్ల తయారీ వారం చూడండి. వేరే రాష్ట్రం బండైతే ఎన్ఓసీ, అంటే అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం, ముందు మీ చేతికి రావాలి, డబ్బు తర్వాత. దిగుమతి కాగితం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, తీసుకుని అందులోని ఛాసిస్ నంబరుని బండి మీదున్న నంబరుతో మీరే స్వయంగా సరిచూసుకోండి. అది ఊళ్లో లేదనీ, రేపు పంపిస్తామనీ అంటే అడ్వాన్సు కూడా రేపే ఇవ్వండి.